వంశంలో ఎవరికీ లేదంటే సరిపోదు

అండాశయ క్యాన్సర్‌ను నడిపిస్తున్న జన్యువులేవో తేల్చడంలో 2011 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పరిశోధకులు ఆ ఏడాది 489 కణితుల వివరాలు ప్రచురించారు. అన్నీ త్వరగా ముదిరే సీరస్ రకమే. వాటిలో జన్యుక్రమం చదివిన కణితుల్లో 96 శాతంలో టీపీ53 జన్యువు చెడిపోయి ఉంది. దెబ్బతిన్న కణం విభజన చెందకుండా అడ్డుపడేది ఈ జన్యువే. అయితే ఈ లోపం దాదాపు ఎప్పుడూ కణితిలోనే పుడుతుంది, బిడ్డలకు రాదు. కుటుంబానికి అక్కరకొచ్చే సమాచారం బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో ఉంది. తెగిన డీఎన్‌ఏను సరిచేసే ఈ రెండూ సుమారు ఐదో వంతు కణితుల్లో చెడిపోయి కనిపించాయి, వాటిలో ఎక్కువ లోపాలు పుట్టుకతో వచ్చినవే. కాబట్టి ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీకీ జన్యు పరీక్ష చేయాలి, వంశచరిత్ర అడిగి వదిలేయకూడదు.

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అన్న జవాబు నిజమే కావచ్చు. లోపం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. మగవాళ్లు ఎక్కువున్న ఇంట్లో అది తరాల పాటు బయటపడకపోవచ్చు. 2012లో ఆస్ట్రేలియాలో 1,001 మంది రోగులను పరీక్షిస్తే 14 శాతం మందిలో పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ లోపం తేలింది. వారిలో 44 శాతం మందికి చెప్పుకోదగ్గ వంశచరిత్రే లేదు. లోపం తెలిస్తే రోగికి ఒలాపరిబ్ లాంటి మందు పనికొస్తుంది. అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ అది ఉండే అవకాశం సగానికి సగం. ఉన్నవాళ్లు పిల్లలు పుట్టాక అండాశయాలు, అండవాహికలు తీయించుకుని ముప్పును చాలావరకు తగ్గించుకోవచ్చు.

పరీక్షకు దూరమూ ఖర్చూ అడ్డంకులే, కాదనను. కానీ అండమాన్‌లోని మిన్నీ బేలో ఉన్న తెలుగు ఇల్లాలు ఇందుకోసం సముద్రం దాటక్కర్లేదు, కాస్త రక్తం దాటితే చాలు. ఖర్చు భారం ప్రభుత్వ బీమా పథకాలు మోయాలి. ఒకరి పరీక్షతో ఇంటిల్లిపాదికీ దారి దొరుకుతుంది.

అంతకన్నా గట్టి అభ్యంతరం, పరీక్షలో కనిపించినా హానికరమో కాదో అర్థం తేలని జన్యు మార్పుల గురించి. విదేశీ సమాచారంతో పోల్చినప్పుడు మనవాళ్లలో అలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనంలో 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినట్టు తేలింది. అలాంటి సమూహంలో ఒక మార్పు చాలామందిలో ఉండొచ్చు కాబట్టి ఏ సమూహపు మార్పులను ఆ సమూహంలోనే చదవాలి, అందుకు మనవాళ్ల పరీక్షలు పెరగాలి. ఈలోగా అర్థం తేలని మార్పును చూసి ఏ ఆడపిల్లకూ ఆపరేషన్ చేయకూడదు. రిపోర్టు దాచుకుని, ఏడాదికో రెండేళ్లకో జన్యు సలహాదారును మళ్లీ అడగాలి.