నల్లమల పులులను లెక్కించు కెమేరాలు

మన పెద్దదోర్నాల నుండి శ్రీశైలము పోవు బాట నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యముగుండ సాగుచున్నది. రాత్రివేళ ఆ బాటను మూసివేయుట మృగముల సంచారమునకై యని యెల్లరెఱిగినదే. ఆంధ్రప్రదేశమున 2018 లెక్కప్రకారము 48 పులులును, 2022 లెక్కప్రకారము 63 పులులును గలవని ప్రకటింపబడెను. మేమీ యంకెలను తరగతిలో చెప్పినప్పుడు వెనుకబల్లపై నున్న బాలుడొకడు లేచి, "అయ్యా, పులులకు హాజరు వేసినదెవరు?" అని యడిగెను. తరగతి నవ్వెను. మేము నవ్వలేదు. పెరిగినది పులులా, లెక్కయా యని యడుగుటయే గదా అది!

పూర్వము అడుగుజాడలను బట్టి లెక్కించెడివారు. ఒకే పులి యడుగు ఇసుకలో ఒకరీతిని, బురదలో వేఱొకరీతిని పడుటచే ఆ పద్ధతి నమ్మదగినది గాకపోయెను. 2006 గణన మొదలు, అడవిబాటల ప్రక్క నిలిపిన కెమేరాలు ముఖ్యసాధనములైనవి. జంతువు ఎదుట కదలినంతనే అవి తమంత తాము ఛాయాచిత్రము తీయును. ఈ తలంపు క్రొత్తది కాదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి యనునతడు 12 కెమేరాలను వరుసగ నిలిపి, పరుగిడు గుఱ్ఱము దారములను తాకి పోవుచుండగా దాని పరుగును చిత్రించెను.

అయితే కెమేరాలు అన్ని పులులను పట్టలేవు. కనబడని వానిని అంచనా వేయుట యెట్లు? దీనిని మేము చింతగింజలతో చేసి చూపితిమి. కుండలోనుండి 20 గింజలు తీసి, సున్నపుచుక్క పెట్టి, మరల కుండలో వేసి కలిపితిమి. రెండవమారు 20 తీయగా వానిలో 5 చుక్కగింజలుండెను. తీసినవానిలో నాల్గవవంతు చుక్కవి యైనచో, కుండలోను చుక్కవి నాల్గవవంతే యుండవలెను. చుక్క పెట్టినవి 20 గనుక మొత్తము సుమారు 80. ఇక ఆ అయిదింటిలో ఒకదాని చుక్క రాలిపోగా, దానిని క్రొత్తగింజ యనుకొంటిమనుడు. అప్పుడు చుక్కవి 4. మొత్తము 100 అని వచ్చును! ఒక్క గింజను గుర్తింపలేని దోషమునకు లేని గింజలు ఇరువది పుట్టినవి. అడవిలెక్క యింతకంటె చిక్కైనదే గాని మూలసూత్ర మిదియే. కావుననే కెమేరాను సరిగ నిలుపుట గణితమునకంటె ముందు పని.

పులికి చుక్క పెట్టనక్కఱలేదు. చారలే దాని చుక్కలు. ఏ రెండు పులుల చారలును ఒకటిగ నుండవు. చిక్కేమనగా, ఒకే పులి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలను పోలవు. అందుచే బాటకు రెండువైపుల రెండు కెమేరాలను మోకాలియెత్తున నిలుపుదురు. ఒకదాని మెఱుపువెలుగు రెండవదాని కన్ను చెదరగొట్టకుండ కొంచెము ప్రక్కకు జరుపుదురు. పిమ్మట సిబ్బందిలో ఒకరు చేతులు నేల కాన్చి, పులివలె వాని నడుమ నడచి చూడవలెను. పులి బాటలో ఏ యంచున నడచునో మన చెంచులకు తెలిసినంత పుస్తకములకు తెలియదు.

రెండింటి గడియారములును ఏకముగ నుండవలెను. ఒకటి అయిదు నిమిషములు వెనుకబడినచో, కుడిప్రక్క చిత్రము తల్లిపులిదనియు, ఎడమప్రక్కది దాని వెంట వచ్చిన యెదిగిన పిల్లదనియు భ్రమ కలుగవచ్చును. అందుకై స్థలము, తేదీ, వేళ వ్రాసిన పలకను రెండింటి యెదుటను చూపి మొదటి చిత్రము తీయుదురు. బ్యాటరీలు మార్చిన ప్రతిసారియు గడియారమును మరల చూడవలెను. మఱచుట మిక్కిలి సులభము.

వేడిమి సంగతి వేఱు. కెమేరాను మేల్కొల్పు భాగము, పరిసరములకంటె భిన్నమైన వేడిమి కదలినప్పుడే పనిచేయును. వైశాఖపు మధ్యాహ్నమున మన రాళ్ళు పులి యొడలంత వేడెక్కగా అది మందగించును. ఎదుట గడ్డి యున్నచో, వడగాలికి ఊగి గడ్డిచిత్రములనే వేలకొలది తీయించును. 2018 గణనలో దేశమంతట 26,838 చోట్ల నిలిపిన కెమేరాలు సుమారు 3 కోట్ల 48 లక్షల చిత్రములు తీయగా, పులులవి 76,651 మాత్రమే.

సినిమాకై నటుల కదలికలను పట్టు శాలలలో, తెలిసిన పొడవుగల కఱ్ఱను కెమేరాలన్నిటి యెదుట ఊపి, దానినిబట్టి ఏ కెమేరా ఎచట, ఏ కోణమున నున్నదో గణింతురు. పులి యెదుట ఆ కఱ్ఱ నూపు వారెవరు? అచట పులి యాకారమే కొలత. చిత్రములో తల, కాళ్ళు, తోకమొదలు మున్నగు చోట్లను గుర్తించినచో, కంప్యూటరు పులి యాకృతిని దానిపై అమర్చి, ఓరగ నడచిన పులి చారలను సరిచేసి పోల్చును. మిక్కిలి ఓరగ పడినచో దానికిని సాధ్యము కాదు. తుదకు మనుష్యుని కన్నే తీర్పరి.

అడవి యంచున చెట్టుకు కట్టిన చిన్నపెట్టె కనబడినచో మన విద్యార్థులు దానిని తాకరాదు. లోపల ఏమున్నదో యని త్రిప్పి చూడరాదు. అది కొంచెము క్రిందికి వాలినను, తరువాతి చిత్రములలో పులి కాళ్ళు మాత్రమే పడును.