దిద్దుబాటును దాచని లెక్క

వ్యాపారం కోసం బెంగళూరు, హోసూరు, బరంపురం వంటి ఊళ్ళు చేరి స్థిరపడిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వారి కొట్లలో చిట్టా, ఆవర్జా ఉండేవి. పద్దు తప్పు పడితే చెరపకూడదు. పాత అంకె కనిపించేలా గీత కొట్టి, సరైన అంకె రాసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. బి.కాం.లోనూ, బ్యాంకులోనూ నేను మొదట నేర్చుకున్న పాఠం ఇదే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1972లో జర్మనీలో, ఐ.బి.ఎం. కొలువు వదిలిన అయిదుగురు ఇంజనీర్లు ఎస్.ఎ.పి. సంస్థను స్థాపించారు. కొనుగోళ్ళు, సరుకు నిల్వ, ఖాతాలు వేటికవి విడిగా ఉండకుండా, ఒకసారి ఎక్కించిన అంకె అన్ని విభాగాలకూ చేరాలన్నది వారి పద్ధతి. అది పెద్ద కంపెనీల మాట. చిన్న వ్యాపారికి అక్కరకొచ్చింది మాత్రం బెంగళూరులోనే పుట్టింది. శ్యామ్‌సుందర్ గోయెంకా తమ వ్యాపారానికి తగిన ప్రోగ్రాం దొరకక, కుమారుడు భరత్ చేత రాయించారు. 1986లో మొదలైన ఆ సంస్థే నేటి టాలీ. కోడ్ నంబర్లతో పనిలేకుండా ఖాతా పేరుతోనే పద్దు వేయవచ్చు గనుక గుమస్తాలకు సులువైంది.

అయితే సులువుతోపాటు ఒక చిక్కూ వచ్చింది. కిందటేడు పద్దును ఈరోజు మార్చినా, చాలా ప్రోగ్రాముల్లో ఆ జాడ కనిపించేది కాదు. కాగితం మీద గీత దాగదు. తెర మీద దాగిపోతుంది. అప్పు కోసం వచ్చిన ఆస్తి అప్పుల పట్టీని పరిశీలించే మాబోటివారికి ఇదే పెద్ద సందేహం.

అందుకే ప్రభుత్వం నిబంధన మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి. ఆ ఏర్పాటును ఆపివేసే వీలు ఉండకూడదు. పాత ఆవర్జా నీతిని కంప్యూటరుకు నేర్పారన్నమాట!

ఈ నిబంధన కంపెనీలకే. సొంత కొట్లకూ, భాగస్వామ్య వ్యాపారాలకూ వర్తించదు. అయినా అన్నదమ్ములు కలిసి వ్యాపారం చేసే ఇళ్ళలో ఈ సదుపాయం తప్పక పెట్టుకోవాలని నా సలహా. రేపు వాటాలు తేల్చుకునే రోజు వస్తే, ఎప్పుడు ఏ అంకె మారిందో లెక్కే చెబుతుంది. అన్నను తమ్ముడు అనుమానించే అవసరం రాదు.