నూనెకు కాపలా కాసే ఆకులు

సౌదీలో రాస్ తనూరా అంటే ముడిచమురు. 1939 మే 1న సౌదీ చమురు తొలిసారి ట్యాంకర్ ఓడకెక్కింది ఇక్కడే. కాకినాడ నుంచి వచ్చిన నేను ఈ ఊళ్లో ల్యాబులో పనిచేస్తాను. టర్బైన్ నూనె చెడకుండా ఎంతకాలం నిలుస్తుందో చూడటం నా ఉద్యోగం. వంట వంతు నాదైన రోజున కూడా నూనె డబ్బా మీద ముందు చదివేది అదే: చెడకుండా ఏం కలిపారు?

కొన్ని డబ్బాల మీద బీహెచ్‌టీ, టీబీహెచ్‌క్యూ అని ఉంటుంది; నూనె చెడకుండా కలిపే రసాయనాలవి. బీహెచ్‌టీని పెట్రోలులో, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కూడా కలుపుతారని చెబితే మా గదిలోని కరీంనగర్ అన్న ఉలిక్కిపడ్డాడు. “ఏంది తమ్మీ, మోటరుకేసేది కూరల ఏస్తరా?”

వేస్తారన్నా, కొలిచి వేస్తారు. టీబీహెచ్‌క్యూ కిలో నూనెకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ నియమం. ఏ నూనైనా చెడే తీరు దాదాపు ఒకటే. గాలిలోని ఆక్సిజన్ ఒక అణువును చెరిపితే, అది పక్కదాన్ని చెరుపుతుంది. వేడి, వెలుతురు, రాగి, ఇనుము ఆ గొలుసును తొందరపెడతాయి. ఇంటినుంచి వచ్చిన జంతికలు ఇక్కడి ఎండలకు త్వరగా నూనె కంపు కొట్టేది అందుకే.

బీహెచ్‌టీ లాగే, రోజ్‌మేరీ అనే సువాసన మొక్క ఆకులోని కార్నోసిక్ ఆమ్లం కూడా తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఆ గొలుసును తెంపుతుంది. వేపుడు వేడికి బీహెచ్‌టీ చాలావరకు ఆవిరైపోతుంది, ఈ ఆకు సారం అంతకన్నా నిలుస్తుంది. యూరప్ 2010లో దీన్ని ఇ392 పేరుతో అనుమతించింది. ఘాటు వాసన తీసేసిన సారమే కలుపుతారు కాబట్టి వంట రుచి మారదు.

మొక్కల్లోని గుణంతో నూనెను కాపాడుకోవడం మనకు కొత్త కాదు. నువ్వుల నూనె నిలవుండటానికి అందులోని సెసమాల్ వంటివి తోడ్పడతాయి. వెన్న కాచేటప్పుడు మన ఇళ్లలో తమలపాకో, కరివేపాకో వేస్తారు. ఆ రెండు ఆకులూ నేతిని కాపాడతాయని మన పాడి శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించారు.

అలాగని పచ్చి ఆకులు తుంచి నూనె సీసాలో వేయకండి. నేతిలో ఆకు తడి కాగిపోతుంది, సీసాలో పోదు. గాలి తగలని ఆ తడిలో బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. ఇక మరిగి మరిగి నల్లబడిన నూనెను ఏ సారమూ బాగుచేయలేదు. మరిగేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడొద్దని మన దేశంలో 2018 నుంచి నిబంధన ఉంది.

అందుకే అన్నకు ఐదు లీటర్ల డబ్బా వద్దన్నాను. చిన్న సీసా కొని, మూత బిగించి, పొయ్యికి దూరంగా చీకట్లో పెడితే, లోపల కలిపిన సారానికి సగం పని తగ్గుతుంది.