పిన్నులు తీశాక.. గాయం మానుతోందా?

ఆపరేషన్‌ కోతకు వేసిన స్టేపుల్‌ పిన్నులను సాధారణంగా 7-14 రోజుల్లో తీసేస్తారు. అంతమాత్రాన గాయం పూర్తిగా మానినట్టు కాదు. రెండు వారాలకు అక్కడి చర్మానికి తిరిగొచ్చే బలం సుమారు పదో వంతే! అందుకే పొట్ట ఆపరేషన్‌ అయినవారు డాక్టర్‌ చెప్పేవరకూ నీళ్ల బిందెలు, గ్యాస్‌ సిలిండర్లు ఎత్తొద్దు.

రోజూ మంచి వెలుతురులో గాయాన్ని గమనించాలి. అంచులు కలిసి ఉండి.. గులాబీ రంగు గీత, కాస్త దురద, పిన్నుల చోట చిన్న పక్కులు కనిపిస్తే భయం లేదు. ఎరుపు చుట్టూ పాకుతున్నా, తాకితే వేడిగా ఉన్నా, నొప్పి పెరుగుతున్నా, చీము, దుర్వాసన, 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా వెంటనే సర్జన్‌కు చూపించాలి. అంచులు విడిపోయినా, ఉన్నట్టుండి నీరు కారినా ఆలస్యం చేయొద్దు.

గాయానికి పసుపు, పౌడర్లు అద్దొద్దు. ‘పప్పు తింటే చీము పడుతుంది’ అంటూ పథ్యం పెట్టొద్దు. గాయం మానటానికి ప్రొటీన్‌ అవసరం. మధుమేహులు గ్లూకోజును అదుపులో ఉంచుకోవాలి.