పరిశోధన పత్రిక సంపాదకత్వం: కష్టమెంత, ఫలమెంత?

బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్‌లో పెరిగిన ఒక తెలుగు విద్యార్థి గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, తన తొలి వ్యాసాన్ని ఒక పత్రికకు పంపాడనుకుందాం. దాన్ని ముందుగా పరిశీలించేది సంపాదకుడే. వ్యాసం పత్రిక పరిధిలోకి వస్తుందా, అందులో కొత్త విషయం ఉందా, ఎక్కడి నుంచైనా ఎత్తి రాశారా అని చూస్తారు. ఈ వడపోతలో నిలిస్తే, ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు నిపుణుల అభిప్రాయం కోరతారు. దీన్నే సహచర సమీక్ష అంటారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సమీక్షకులకు సాధారణంగా పారితోషికం ఉండదు. చాలామంది తీరిక లేదంటారు. ఒప్పుకున్నవారిలోనూ కొందరు నెలల తరబడి ఆలస్యం చేస్తారు. ఒకరు ప్రచురించమని, మరొకరు తిరస్కరించమని రాస్తే తీర్పు చెప్పాల్సింది సంపాదకుడే. ఆ తీర్పు మీద విద్యార్థి డాక్టరేటు, ఉద్యోగం కూడా ఆధారపడి ఉండవచ్చు.

తీర్పు తప్పిన సందర్భాలూ ఉన్నాయి. జీవకణాల్లో శక్తి ఎలా విడుదలవుతుందో చెప్పే సిట్రిక్ ఆమ్ల వలయంపై హాన్స్ క్రెబ్స్ 1937లో పంపిన లేఖను 'నేచర్' తిప్పి పంపింది. చేతిలో ఉన్న లేఖలే ఏడెనిమిది వారాలకు సరిపోతాయన్నది కారణం. ఆ పరిశోధన 'ఎంజైమాలాజియా'లో వెలువడింది. 1953లో క్రెబ్స్‌కు నోబెల్ బహుమతి దక్కింది. మరోవైపు, ఏమరుపాటుగా ఒప్పుకున్నా ముప్పే. నకిలీ సమీక్షల వంటి మోసాలు బయటపడటంతో, 2023లో ప్రపంచవ్యాప్తంగా పత్రికలు ఉపసంహరించుకున్న వ్యాసాలు 10,000 దాటాయి.

మరి ఫలమేమిటి? పి.సి. మహలనోబిస్ 1933లో కలకత్తాలో 'సంఖ్య' అనే గణాంకశాస్త్ర పత్రికను ప్రారంభించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు తరువాత దానికి ఏళ్ల తరబడి సంపాదకత్వం వహించారు. మన పత్రికల విలువ ఆయనకు అనుభవమే. దత్తాంశాల నుంచి వేసే అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో తేల్చిన ఆయన 1945 నాటి వ్యాసం కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లోనే అచ్చయింది. ఆ వ్యాసమే 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి తెచ్చింది.

కొత్త ఆలోచనను అందరికన్నా ముందు చూడటం, దానికి సరైన రూపం వచ్చేలా చేయటం సంపాదకుడికి దక్కే తృప్తి. తిరస్కరించినా కారణాలు వివరంగా రాస్తే, తార్‌బహార్ విద్యార్థి రెండో వ్యాసం మొదటిదానికన్నా మెరుగ్గా వస్తుంది.