లొరెజ్జా రైతుల ఋణసంఘము

ఇటలీదేశమున పాదువా నగరమునకు ఉత్తరముగా లొరెజ్జా యను చిన్న వ్యవసాయపుటూరు గలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ సీమ రైతులు పండించిన గోధుమలు కౌలుక్రింద భూస్వాములకు పోయెడివి. వారికి మిగిలినది మొక్కజొన్నపిండి సంకటి. దానిని పొలెంటా యందురు. అనుదినము అదియే యాహారమగుటచే పెలాగ్రా యను వ్యాధి సోకి చర్మము పగులుచు, కొందఱికి మతియు చలించుచుండెను. అక్కఱకు అప్పు కావలెనన్న వడ్డీవ్యాపారియే దిక్కు.

ఇట్టి స్థితిలో 1883 జూన్ 20వ తేదీన లియోనె వొల్లెంబోర్గ్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు 32 మంది సభ్యులతో ఇటలీలోని తొలి గ్రామఋణసంఘమును అచట నెలకొల్పెను. జర్మనీలో రైఫైజెన్ నడపిన పద్ధతియే దీనికి మాదిరి. సభ్యులందఱు ఒకరినొకరు ఎఱిగినవారు. సంఘపు బాకీలకు ప్రతివాడును తన సర్వస్వముతో పూచీదారుడు. కావున పుచ్చుకొనిన సొమ్ము చెప్పిన పనికే వినియోగపడుచున్నదో లేదో ఇరుగుపొరుగువారే కనిపెట్టుచుండిరి. తాకట్టునకు భూమిలేని వానికి నడవడియే హామీ యయ్యెను.

వొల్లెంబోర్గ్ 1901లో ఆ దేశపు ఆర్థికమంత్రి యయ్యెను. అపరిమితపు పూచీగల ఆ రైఫైజెన్ పద్ధతియే 1904 సంవత్సరపు చట్టముతో మన దేశపు పల్లెలకును వచ్చినది.

సోదర రైతులారా! పొరుగువాని బాకీ మనకేల యనుకొన్న నాడు సంఘము పేరునకే మిగులును. లొరెజ్జా నేర్పిన పాఠమిదియే.