వేడిని కనిపెట్టి ఉండే యంత్రం

పిల్లలూ, ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు ఆ పెట్టెకు ఉండే చిన్న దీపాన్ని గమనించండి. పెట్టె కాలేదాకా దీపం వెలుగుతుంది. కాలగానే ఆరిపోతుంది. కాస్త చల్లారేసరికి మళ్ళీ వెలుగుతుంది. స్విచ్చిని ఎవరూ ముట్టుకోలేదు గదా! మరి దాన్ని ఆర్పుతున్నదెవరు?

పెట్టె లోపల రెండు రకాల లోహపు రేకులు ఒకదానికొకటి అతికి ఉంటాయి. వేడికి ఒక రేకు ఎక్కువ సాగుతుంది, రెండవది తక్కువ సాగుతుంది. విడిపోవటానికి వీలు లేదు గనక జోడు రేకు ఒక పక్కకు వంగుతుంది. అది వంగగానే విద్యుత్తు దారి తెగుతుంది. చల్లారి తిన్నబడగానే దారి మళ్ళీ కలుస్తుంది. వేడిని ఇలా అదుపులో ఉంచే సాధనాన్ని థర్మోస్టాట్ అంటారు. స్కాట్లండులో పుట్టిన ఆండ్రూ ఊర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1830లో ఇటువంటి జోడు రేకుల సాధనానికి పేటెంటు పొందాడు.

అయితే ఈ ఊహ అంతకన్నా పాతది. ఊర్ కన్న రెండు వందల ఏళ్ళకు ముందే కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు, కోడి లేకుండానే గుడ్లు పొదిగించాలని ఒక పెట్టె తయారుచేశాడు. కింద నిప్పు, పైన గుడ్లు. వేడి హెచ్చితే ఒక గొట్టంలోని సారాయి ఉబ్బి పాదరసాన్ని పైకి నెట్టేది. పాదరసం ఒక కడ్డీని లేపేది. కడ్డీ నిప్పుకు గాలి పోయే కంతను మూసేది. గాలి అందక నిప్పు మందగించేది! పెట్ట చేసే పనిని నిప్పుచేతనే చేయించాడన్నమాట.

చలిదేశాల్లో మనుషులకు కూడా ఇలాంటి కాపలా కావలసివచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊళ్ళో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. బడిని వెచ్చబెట్టే పెద్ద పొయ్యి నేలమాళిగలో ఉండేది. గదులు చల్లగా ఉన్నాయో ఉడికిపోతున్నాయో చూడటానికి నౌకరు తరగతిలోకి వచ్చేవాడు, చూసి, కిందికి దిగి పొయ్యిని సవరించేవాడు. అతను వచ్చినప్పుడల్లా పాఠం ఆగేది. (మీకైతే సంతోషమే, కాని పంతులుగారికి?) జాన్సన్ ఆలోచించి, గదిలో వేడి మారగానే నేలమాళిగలో గంట మోగేటట్టు చేశాడు. 1883లో దానికి పేటెంటు వచ్చింది. మరి కొంత కాలానికి గంట విని లేచే మనిషి అవసరం కూడా లేకపోయింది, యంత్రమే పొయ్యిని సవరించసాగింది.

1953లో అమెరికాలో గుండ్రటి థర్మోస్టాట్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో జోడు రేకు చుట్ట చుట్టుకొని ఉంటుంది. చుట్ట కదిలితే దానిపైన ఉన్న గాజుగొట్టం ఒరుగుతుంది. గొట్టంలోని పాదరసపు బొట్టు దొర్లి రెండు తీగలను కలుపుతుంది. అంతే, పొయ్యి అంటుకుంటుంది. ఇంతకన్న తేలికైన పనిముట్టు ఉంటుందా? అది లక్షల ఇళ్ళలో గోడలమీద ఏళ్ళ తరబడి పనిచేసింది.

మీ పిన్నిగాని బాబాయిగాని అమెరికాలో ఉంటే, వాళ్ళింటి గోడకు ఇప్పుడు వేరే రకం కనిపించవచ్చు. దాన్ని స్మార్ట్ థర్మోస్టాట్ అంటారు. 2011లో నెస్ట్ అనే కంపెనీ తెచ్చినది ఇందులో బాగా పేరు పొందింది. మీరు దాన్ని ఎప్పుడు తిప్పుతారో అది గుర్తు పెట్టుకుంటుంది. ఎదుట ఎవరూ కదలకపోతే ఇల్లు ఖాళీ అనుకొని వేడి తగ్గిస్తుంది. ఊరినుంచి ఫోనులో చెప్పినా వింటుంది.

వేడి తగ్గిస్తే లాభమేమిటి, మళ్ళీ పెంచటానికి అంతా ఖర్చే గదా అని పెద్దవాళ్ళు కూడా అంటూంటారు. అడుగున చిల్లు ఉన్న కుండను తలుచుకోండి. నిండుగా ఉన్నప్పుడు నీరు జోరుగా కారుతుంది, మట్టం తగ్గినకొద్దీ సన్నగా కారుతుంది. రోజంతా నిండుగా ఉంచితే ఎక్కువ నీరు పోతుందా, అవసరమైనప్పుడే నింపితేనా? ఇంట్లో వేడి కూడా అంతే. బయటి చలికీ లోపలి వెచ్చదనానికీ తేడా ఎంత ఉంటే అంత వేగంగా గోడలనుంచి జారిపోతుంది. రోజుకు 8 గంటలపాటు 4, 5 డిగ్రీలు తగ్గిస్తే సంవత్సరపు ఖర్చులో 10 శాతం దాకా మిగలవచ్చునని అమెరికా ఇంధనశాఖ అంటుంది. కాని ఆ తగ్గించటం పాత థర్మోస్టాట్‌ను చేత్తో తిప్పినా జరుగుతుంది! మరచిపోయే వాళ్ళకే కొత్తదానివల్ల ఎక్కువ లాభం.

ఇంకొక పొరపాటు కూడా ఉన్నది. గది త్వరగా వెచ్చబడాలని కొందరు ముల్లును 30కి తిప్పుతారు. మామూలు పొయ్యికి మండటమూ ఆరటమూ తప్ప తెలియదు. 30కి తిప్పినంత మాత్రాన జోరు పెరగదు, ఆరవలసినప్పుడు ఆరదు, అంతే.

కొత్తదానికి తెర ఉన్నది, ఫోనుతో మాట్లాడే రేడియో ఉన్నది. వీటికి ఎల్లప్పుడూ విద్యుత్తు కావాలి. పాత ఇళ్ళలో గోడలోంచి వచ్చే తీగలు పొయ్యిని వెలిగించటానికీ ఆర్పటానికీ మాత్రమే పెట్టినవి. నిరంతరం విద్యుత్తునిచ్చే సి వైరు చాలా ఇళ్ళలో ఉండదు. అందుకని కొన్ని స్మార్ట్ థర్మోస్టాట్లు మిగిలిన తీగలనుంచే కొద్దికొద్దిగా విద్యుత్తు తీసుకొని లోపలి బ్యాటరీని నింపుకుంటాయి. 2016 జనవరిలో ప్రోగ్రాములో తప్పు దొర్లి కొన్ని నెస్ట్ థర్మోస్టాట్ల బ్యాటరీలు నీరసించాయి, నడి చలికాలంలో ఇళ్ళు చల్లబడ్డాయి. చలి మరీ ముదిరితే గోడల్లోని గొట్టాల్లో నీరు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి గనక ఇది చిన్న విషయం కాదు. నెస్ట్‌ను కొన్న గూగుల్ కంపెనీ 2025 అక్టోబరులో మొదటి రెండు రకాలకూ సాయం ఆపివేసింది. అవి గోడమీద చేత్తో తిప్పితే పనిచేస్తాయి, ఫోను మాట మాత్రం వినవు. కొనేముందు సి వైరు ఉన్నదో లేదో చూడమనీ, కంపెనీ ఎన్నాళ్ళు సాయపడుతుందో అడగమనీ బాబాయికి చెప్పండి.

అమ్మమ్మ చూడటానికి వెళ్ళి మేడమీద గదిలో చదువుకుంటూ కూర్చున్నదనుకోండి. కింద నడవాలోని థర్మోస్టాట్‌కు ఆమె కనిపించదు. ఇల్లు ఖాళీ అనుకొని వేడి తగ్గిస్తుంది, అమ్మమ్మ శాలువా మీద శాలువా కప్పుకుంటుంది! ఇప్పుడు వేరే గదుల్లో పెట్టుకునే చిన్న సాధనాలు దొరుకుతున్నాయి. ఒకటి ఆమె గదిలో ఉంచితే అక్కడ ఎవరున్నదీ, ఎంత చలిగా ఉన్నదీ థర్మోస్టాట్‌కు తెలుస్తుంది.

గోడనుంచి ఊడదీసిన పాత గుండ్రటిదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. పాదరసం విషం. గాజుగొట్టం పగలకుండా, అలాంటివి పుచ్చుకునే చోట అప్పగించాలి.